అభిమానుల గ్రూపుల్లో బూతులు ఉండనివ్వాలా, తీసెయ్యాలా?

గంటస్తంభం_గుంటడు
మా హీరో అభిమానుల గ్రూపు ఒకటి నడుపుతున్నాను. ఇటు కొత్తవలస నుంచి అటు ఇచ్ఛాపురం దాకా రెండు జిల్లాల వాళ్ళూ ఉంటారు. హీరో పేరు చెప్పను, చెప్తే ఈ చర్చ కూడా అటే పోతుంది. మొన్న టీజర్ వచ్చిన రాత్రి అవతలి హీరో అభిమానులు కొందరు మా గ్రూపులో దూరి కెలికారు. మావాళ్ళు ఊరుకుంటారా? తెల్లారి లేచి చూసేసరికి అమ్మ, అక్క, కులం, ఊరు, ఏదీ మిగల్లేదు. అప్పుడే చెప్పేశాను, బూతు రాస్తే మెసేజ్ తీసేస్తా, మళ్ళీ రాస్తే మనిషినే తీసేస్తా అని. దాంతో సగం మంది అలిగి వేరే గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు 'సెన్సార్ లేదు'. అందులో నాకు 'హెడ్మాష్టరు' అని పేరట. పోయినవాళ్ళలో కటౌట్ కట్టేవాళ్ళు, బెనిఫిట్ షో పనులు చూసేవాళ్ళూ ఉన్నారు, నా బాధ అది. సూటిగా అడుగుతున్నాను. అభిమానుల గ్రూపులో బూతు ఉండొచ్చా, ఉండకూడదా? మీ గ్రూపుల్లో ఏం చేస్తున్నారు?

పలాస_జీడిపప్పు
బూతు లేని అభిమానుల గ్రూపా? భజన మండలి అని పేరు మార్చెయ్ అన్నా.

బొబ్బిలి_వీణ
భజన మండలి సంగతి నీకు తెలీదు పలాసా. మా ఊళ్ళో లెక్కలు చూసే రోజున వచ్చి విను.

నాగావళి_గట్టు
అన్ని తిట్లనీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? ఇంటర్వెల్ ముందు ఫైట్ పడగానే నా పక్కవాడు సొంత హీరోని 'ఏం చేశాడ్రా నాయాలు' అని అరుస్తాడు. అది తిట్టా? అంతకంటే పెద్ద మెచ్చుకోలు వాడి దగ్గర లేదు. గ్రూపులో కూడా సగం బూతులు ఇలాంటివే. 'సూపర్‌గా నటించారు' అని రాస్తే ఆ గ్రూపులో వాణ్ణి అనుమానంగా చూస్తారు, అవతలి హీరో తాలూకు మనిషేమో అని.

పలాస_జీడిపప్పు
గట్టు బావ చెప్పింది రైటు. ఇంకోటి, గ్రూపులో తిట్టుకుంటే థియేటర్ దగ్గర కొట్టుకోరు. కోపం అక్కడే దిగిపోతుంది.

చీపురుపల్లి_జంక్షన్
దిగదు పలాసా. మా దగ్గర గ్రూపులో మొదలైన గొడవే ఫ్లెక్సీ చింపేదాకా వెళ్ళింది. రాత్రి ఫోన్లో ఒకడు ఒకమాట అన్నాడు, పొద్దున్న ఇంకొకడు బ్లేడు పట్టుకుని బైకెక్కాడు. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు. మామూలుగా మొహం చూసి అంత మాట అనలేరు. ఫోన్లో మొహం లేదు కదా, అనేస్తారు. ఆ తర్వాత మొహం కనపడ్డప్పుడు ఆ మాట గుర్తుంటుంది.

సిక్కోలు_సిరి
ఇక్కడిదాకా రాసినవాళ్ళందరూ మగవాళ్ళే అనుకుంటున్నాను. తప్పయితే చెప్పండి.

నేను ఇంటర్ చదివినప్పటినుంచి ఒక హీరో అభిమానిని. మొదటిరోజు మొదటి ఆటకి మా చెల్లితో వెళ్ళి, థియేటర్ ముందు ఫొటో దిగి గ్రూపులో పెట్టాను. గ్రూపులో బాగానే లైకులు పడ్డాయి. ఇన్‌బాక్స్‌లో పడ్డవి వేరు. అవతలి హీరో వాళ్ళు కొందరు, ఇది చెప్తే బాగోదు గానీ మావాళ్ళే కొందరు. ఫొటో తీసేశాను. ఇప్పుడు ఆ గ్రూపులో నా పేరు మగవాడి పేరు, డీపీ హీరో బొమ్మ. నన్ను 'బ్రో' అంటారు. హాయిగా ఉంది.

'మా గ్రూపులో ఆడవాళ్ళు లేరు, కాబట్టి ఫ్రీగా మాట్లాడుకుంటాం' అని మీరందరూ అనుకుంటూ ఉంటారు. ఉన్నాం. చదువుతూనే ఉంటాం. 'నాయాలు' అన్నవాడితో నాకు గొడవే లేదు, నేనూ అంటాను. హీరోయిన్ పోస్టర్ కింద మీరు రాసేవి చదవండి ఒకసారి. అక్కడ కోపం లేదు, గొడవ లేదు, ఎవడూ కెలకలేదు. ఊరికే రాస్తారు.

బొబ్బిలి_వీణ
సిరిగారు చెప్పిన చివరి మాట నిజం. హీరోల గొడవకి కనీసం ఒక కారణం ఉంటుంది. పోస్టర్ కింద రాసేదానికి అదీ ఉండదు.

పలాస_జీడిపప్పు
అయితే ఆడవాళ్ళకి వేరే గ్రూపు పెట్టుకుంటే పోయె కదా?

సిక్కోలు_సిరి
టికెట్టు వేరేగా కొన్నామా బావూ?

నాగావళి_గట్టు
పలాసా, ఇక ఊరుకో.

తోటపల్లి_కాలువ
ఇలాంటప్పుడు అందరూ అడిగేది నేనూ అడుగుతా. మీ అమ్మ ఆ గ్రూపులో ఉంటే ఇలాగే రాస్తావా పలాసా?

పలాస_జీడిపప్పు
మా అమ్మ గ్రూపులో చేరితే నేను బయటికి రావాలి. 'నీ జిమ్మడిపోను' దగ్గర మొదలెట్టి ఏడు తరాలు తిరిగొస్తుంది. నాకు వచ్చినవన్నీ ఇంట్లో నేర్చుకున్నవే.

మూడులాంతర్ల_మాష్టారు
రిటైరైన తెలుగు మాష్టారిని, మనవడి పుణ్యమా అని ఇక్కడికొచ్చాను. తిట్టు మనకి కొత్త కాదు. తిట్టుకవులని పేరుపడ్డవాళ్ళే ఉన్నారు తెలుగులో. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చారంటే పిల్లల్ని పక్కకి పంపాల్సిందే, అయినా ఊరంతా కూర్చునే చూసేది. దేవుణ్ణే తిడుతున్నట్టు పొగడడం మరో దారి, నిందాస్తుతి. మన శ్రీకాకుళం ఆంధ్రనాయకుడి మీద చెప్పిన పద్యాలే అందుకు సాక్ష్యం. అయితే ఆ తిట్టులో ఒక పని ఉండేది. పద్యం అల్లాలి, ప్రాస కుదరాలి, ఎదుటివాడి లోపం పట్టుకోవాలి. ఇప్పుడు మా మనవడి ఫోన్లో చూస్తే అవే నాలుగు మాటలు అటూ ఇటూ తిప్పుతున్నారు. నా అభ్యంతరం బూతు మీద కన్నా బద్ధకం మీద ఎక్కువ.

రాజాం_రోడ్డు
మాష్టారూ, ఆ ఆంధ్రనాయకుడు కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఉన్నాడండీ. మన ఊరు కాదు. మనకి అరసవల్లి, శ్రీకూర్మం చాలు.

మూడులాంతర్ల_మాష్టారు
అవునయ్యా, ఘంటసాల మండలంలోది. ఊరి పేరు ఒకటే అయ్యేసరికి 'మన' అనేశాను. పద్యాలు మాత్రం ఎవరివైనా మనవే.

రాజాం_రోడ్డు
మాకు ఇలాంటివి బాగా పట్టింపు మాష్టారూ. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని శ్రీకాకుళం జిల్లాలోంచి తీసి విజయనగరంలో కలిపారు కదా. అప్పటినుంచి రెండు జిల్లాల అభిమానుల గ్రూపుల్లోనూ ఉన్నాను, రెండిట్లోనూ తిట్లు తింటున్నాను.

కళింగపట్నం_కెరటం
ఫిల్టర్ సంగతి చెప్తాను వినండి. మా ఫేస్‌బుక్ గ్రూపులో కొన్ని మాటలు ముందే రాసి పెట్టాం, అవి వస్తే పోస్టు ఆగిపోయేటట్టు. తెలుగు లిపిలో రాస్తే పట్టుకుంటుంది. కానీ తెలుగు లిపిలో బూతు రాసే ఓపిక ఎవడికుంది? అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఒక్కో మాటకి పది రకాల స్పెల్లింగులు, మధ్యలో చుక్కలు, అంకెలు, నక్షత్రాలు. సరేనని ఇంగ్లీషు అక్షరాల మాటలు కూడా వేశాం. వానాకాలం వచ్చింది. ఒక పెద్దాయన దోమల జ్వరం గురించి జాగ్రత్తలు ఇంగ్లీషులో పెడితే ఫిల్టర్ నొక్కేసింది. ఆయనకి 'అసభ్య పదజాలం' అని నోటీసు కూడా వెళ్ళింది. 'నేనేం అన్నాను నాయనా' అని ఫోన్ చేశాడు. ఏమని చెప్పను?

నాగావళి_గట్టు
రెండు నిమిషాలు ఆలోచిస్తే గానీ అర్థం కాలేదు. చచ్చాను నవ్వలేక.

తోటపల్లి_కాలువ
నాకింకా అర్థం కాలేదు.

పలాస_జీడిపప్పు
నీకు అర్థం కాకపోవడమే మంచిది కాలువా. నువ్వే అడ్మిన్ కావాల్సినవాడివి.

చీపురుపల్లి_జంక్షన్
మేం ఫిల్టర్ జోలికి పోలేదు, జరిమానా పెట్టాం. బూతుకి పది రూపాయలు, అడ్మిన్‌కి ఫోన్‌పే చెయ్యాలి, ఆ డబ్బు హీరో పుట్టినరోజు అన్నదానానికి. మొదట్లో బాగానే భయపడ్డారు. తర్వాత ఒకడు వంద పంపి 'అడ్వాన్స్, పది ఉంచు' అన్నాడు. అది చూసి మిగతావాళ్ళు మొదలెట్టారు. ఆ ఏడాది అన్నదానంలో పులిహోరతో పాటు స్వీటు కూడా పెట్టాం. గ్రూపు మాత్రం మురిక్కాలవే.

గంటస్తంభం_గుంటడు
జంక్షన్ అన్నా, ఐడియా బాగుంది గానీ మావాళ్ళు అప్పు పెడతారు.

ఆముదాలవలస_ప్యాసింజర్
నేను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాను. పొద్దున్నుంచి మేస్త్రీ దగ్గర ఒక భాష, ఓనరు దగ్గర ఒక భాష. రాత్రి రూముకొచ్చి ఫోన్ తీస్తే మా ఊరోళ్ళ అభిమానుల గ్రూపు. అందులో నన్ను పేరు పెట్టి ఎవడూ పిలవడు, అన్నీ మీరు తీసెయ్యమంటున్న మాటలే. ఆ మాట వినపడితే నాకు ఇంటికొచ్చినట్టుంటుంది. ఇది ఒకటి.

రెండోది ఇంకా ముఖ్యం. అదే హీరోకి రాష్ట్రమంతటికీ కలిపి పెద్ద గ్రూపు ఒకటుంది. అందులో చాలా పద్ధతి, ఒక్క బూతు కనపడదు, అడ్మిన్లు నిద్రపోరు. నేనందులో 'సినిమా ఏటి ఇంత లేటవుతంది' అని రాశాను. అంతే. ఆ రోజునుంచి నా పేరు 'ఏటి'. ఏం రాసినా కింద 'ఏటి ఏటి' అని పది మంది. వాయిస్ మెసేజ్ పెడితే దానికి కామెడీ మ్యూజిక్ కలిపి తిరిగి పంపారు. సినిమాల్లో పనివాడి వేషానికి, వాచ్‌మన్ వేషానికి మన యాస పెట్టి పెట్టి, అది వినగానే నవ్వాలని నేర్పేశారు జనానికి. నేను అడ్మిన్‌కి చెప్తే 'వాళ్ళు బూతు మాట్లాడలేదు కదా బ్రదర్, సరదాగా తీసుకోండి' అన్నాడు. నిజమే, ఏ ఫిల్టరుకీ దొరకదది. ఆ గ్రూపులోంచి వచ్చేశాను. నన్ను అమ్మ మీద తిట్టే గ్రూపులో ఉన్నాను, నన్ను 'బ్రదర్' అన్న గ్రూపులో ఉండలేకపోయాను. హెడ్మాష్టరుగారు దీనికేం చేస్తారో చెప్పాలి.

బొబ్బిలి_వీణ
ప్యాసింజర్ పోస్టు దగ్గర ఆగిపోయాను. మా తమ్ముడు ఇంజినీరింగ్‌కి విజయవాడ వెళ్ళాక ఆరు నెలలకే మాట మార్చేశాడు. ఫోన్లో మాతో కూడా 'ఏంటి' అంటాడు.

సిక్కోలు_సిరి
ప్యాసింజర్ అన్నా, మీరు చెప్పిన రెండోదానికి వంద శాతం ఒప్పుకుంటున్నాను. మొదటిదానికి సగమే. ఆ మాటలు మీకు ఇంటికొచ్చినట్టు ఉన్నాయంటే, అవి మీ అమ్మగారి మీద పడుతున్నా మీకు తగలట్లేదు కాబట్టి. ఆ తిట్లన్నీ మగవాళ్ళు మగవాళ్ళని తిట్టుకునేవే, మధ్యలో నలిగేది మాత్రం ఇంట్లో ఆడది. మీ ఇద్దరి స్నేహం మాకెందుకు ఖర్చు రాయాలి?

ఆముదాలవలస_ప్యాసింజర్
దానికి నా దగ్గర జవాబు లేదు సిరమ్మా. కానీ మా గుంటలందరినీ రేపట్నుంచి 'మిత్రమా' అనమంటే గ్రూపు చచ్చిపోతుంది.

మూడులాంతర్ల_మాష్టారు
'మిత్రమా' అనక్కర్లేదు. సన్నాసి, వెధవ, దరిద్రుడు, తలమాసినవాడు, అప్రాచ్యుడు, తింగరోడు. వీటిల్లో ఎవరి అమ్మా లేదు.

పలాస_జీడిపప్పు
'అప్రాచ్యుడు' నాకు కావాలి. ఇవాళ్టినుంచి వాడుతున్నా.

నల్లకోటు_కబుర్లు
వాదన బాగుంది గానీ, కేసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 'ఆన్‌లైన్లో తిడితే 66ఏ కింద లోపలేస్తారు' అని ఇంకా బెదిరించేవాళ్ళున్నారు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని 2015 మార్చిలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో అదే కోర్టు, బూతు మాట వాడినంత మాత్రాన అది అశ్లీలం అయిపోదు అని కూడా చెప్పింది. పలాసాయన ఇక్కడ ఈల వెయ్యకుండా మిగతాది చదవాలి.

కులం పేరు పెట్టి ఎస్సీ, ఎస్టీ వాళ్ళని నలుగురి ఎదుటా తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, పైగా ముందస్తు బెయిలుకి ఆ చట్టంలోనే అడ్డుకట్ట ఉంది. ఆడమనిషి గౌరవం తియ్యాలని మాట అన్నా, సైగ చేసినా భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్, మూడేళ్ళ దాకా. గొడవ రేగాలని కావాలని అవమానిస్తే 352, రెండేళ్ళ దాకా. ఈ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. సిరిగారి ఇన్‌బాక్స్ మెసేజ్‌లు చూడలేదు గానీ, అలాంటివి పెట్టేవాళ్ళు ఈ నంబర్లు గుర్తుపెట్టుకుంటే మంచిది. మెసేజ్ చెరిపేసినా అవతలివాళ్ళు తీసిన స్క్రీన్‌షాట్ చెరగదు.

గంటస్తంభం_గుంటడు
అడ్మిన్ మీద కేసు పెడతారా సార్? మా ఇంట్లో అదే టెన్షన్. ఈ గ్రూపు నీకెందుకురా అని మా నాన్న రోజూ.

నల్లకోటు_కబుర్లు
సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్‌ని శిక్షించలేం అని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. బొంబాయి హైకోర్టు అంతకుముందే అలాంటి మాటే అంది. నువ్వు ఎగదోస్తే అది వేరే కథ. అయినా ఠాణాకి పిలిచి ఓ పూట కూర్చోబెట్టరని నేను హామీ ఇవ్వలేను. నాన్నగారిని కంగారు పెట్టకు.

వంశధార_ఒడ్డు
మా దగ్గర బూతుల మీద నియమం ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టలేదు. ఒక రాత్రి జరిగినదాని వల్ల వచ్చింది. మా గ్రూపు ద్వారా రక్తదానం బాగా జరుగుతుంది. మగవాళ్ళు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు కదా, ఎవరు ఎప్పుడిచ్చారో జాబితా ఉంటుంది. అలాంటిది, ట్రైలర్ వచ్చిన రాత్రి ఒకాయన ఓ నెగటివ్ కావాలని మెసేజ్ పెట్టాడు, భార్య కాన్పు. ఆ మెసేజ్ కింద నిమిషానికి ఇరవై బూతులు. అది పైకి జరిగి జరిగి ఎక్కడికో పోయింది. ఓ నెగటివ్ ఉన్నవాళ్ళు మా జాబితాలో ఉన్నారు, ఆ గ్రూపులో ఉన్నారు, ఆ టైముకి మేలుకునే ఉన్నారు. తిట్టుకుంటున్నారు. ఆయన వేరే దారిలో తెచ్చుకున్నాడు, తల్లీ బిడ్డా బాగున్నారు. పొద్దున్న గ్రూపులోంచి వెళ్ళిపోతూ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత రక్తం కోసం విడిగా గ్రూపు పెట్టాం, అందులో అడ్మిన్లే రాయగలరు. మామూలు గ్రూపుని టీజర్, ట్రైలర్ రాత్రులు కూడా అలాగే మూసేస్తాం. బూతు వచ్చినా రాకపోయినా సంబంధం లేదు, ఆ రాత్రి తాళమే.

కళింగపట్నం_కెరటం
ఐపీఎల్‌కి మేమూ అదే. మ్యాచ్ అయ్యేదాకా అడ్మిన్లు మాత్రమే. ఓడిపోయిన రోజు పొద్దున్న దాకా. 2022 నుంచి వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి మెసేజైనా అందరికీ చెరిగేలా తీసెయ్యొచ్చు, అది కూడా వాడతాం. కానీ అర్ధరాత్రి తీసే మనిషి ఎవరు? నాకు పొద్దున్న ఐదింటికి పాల బండి.

పలాస_జీడిపప్పు
టీజర్ రాత్రి మాట్లాడకూడదంటే ఇంకెప్పుడు మాట్లాడాలి? పెళ్ళి రోజున పెళ్ళికొడుకుని గదిలో పెట్టి తాళం వేసినట్టుంది.

చీపురుపల్లి_జంక్షన్
పలాసా, ఒడ్డు రాసింది మళ్ళీ చదువు.

పలాస_జీడిపప్పు
చదివాను. రక్తానికి వేరే గ్రూపు, దానికి ఒప్పుకుంటాను. నా పేరు కూడా జాబితాలో రాయండి, బి పాజిటివ్. తాళానికి మాత్రం ఒప్పుకోను.

గంటస్తంభం_గుంటడు
అందరివీ చదివాను. ఏం చెయ్యబోతున్నానో రాస్తాను, నచ్చనివాళ్ళు తిట్టండి, మాష్టారి జాబితాలోంచి.

మామూలు తిట్లు వదిలేస్తున్నాను. 'నాయాలు' దగ్గర ఆగినంతవరకు నేను చూడను. ఇంటి ఆడవాళ్ళ మీదికి వెళ్తే, కులం ఎత్తితే మెసేజ్ పోతుంది, హీరోయిన్ పోస్టర్ కింద కూడా ఇదే లెక్క. యాసని, ఊరిని ఎక్కిరించినా అంతే, అందులో బూతు ఉండక్కర్లేదు. మా గ్రూపు అమ్మాయికి ఎవడైనా ఇన్‌బాక్స్‌లో చెత్త పంపితే, అది గ్రూపు బయట జరిగిందని వదలను, స్క్రీన్‌షాట్ నాకు పంపితే చాలు, తీసేస్తాను. మావాడైనా సరే. తాళం గురించి ఇంకా తేల్చుకోలేదు. 'సెన్సార్ లేదు' వాళ్ళతో రేపు టీ దగ్గర మాట్లాడతాను, కటౌట్ సంగతి కూడా ఉంది.

నాగావళి_గట్టు
ఎక్కిరింపు అని ఎవరు తేలుస్తారు? మనలో మనం కూడా విజయనగరం వాళ్ళని, సిక్కోలు వాళ్ళని ఆడిపోసుకుంటాం కదా.

గంటస్తంభం_గుంటడు
ఎవరిని అన్నారో వాళ్ళని అడుగుతాను. వాళ్ళు నవ్వుకుంటే సరే.

సిక్కోలు_సిరి
పదిమంది ముందు 'నీకు బాధేసిందా' అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. విడిగా అడగండి. మిగతాది బాగుంది. పేరు మార్చుకుని వస్తానని మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఒక సినిమా విడుదలయ్యేదాకా చూస్తాను.

ఆముదాలవలస_ప్యాసింజర్
గుంటడి గ్రూపులోనూ, మా ఊరోళ్ళ గ్రూపులోనూ ఉంటాను. అందులో ఒకటి నాకు తిండి, ఇంకోటి నీళ్ళు. ఏది ఏదో అడక్కండి.

తోటపల్లి_కాలువ
దోమల జ్వరం ఇప్పుడు అర్థమైంది. మా ఆవిడ చెప్పింది.

కళింగపట్నం_కెరటం
ఆవిణ్ణి అడ్మిన్‌గా పంపిస్తారా?